దోమల బ్యాటులో సీసం: పటమట పాత బ్యాటరీల డైరీ

2024 అక్టోబరు 6, ఆదివారం

సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్‌లో మా తోడల్లుడి ఇల్లు నడుంలోతు మునిగింది. ఆరు రోజులు నీళ్ళు తీయలేదు. ఇవాళ సామాన్లు సర్దడానికి సాయం వెళ్ళాను. వీధి చివర పరుపులు, ఫ్రిజ్‌లు, సోఫాల గుట్ట ఇంకా సగం అలాగే ఉంది. ఆ గుట్టలో నా కళ్ళకు ఆనింది మూడు ఇన్వర్టర్ బ్యాటరీలు. ఒకదాన్ని ఎవరో పక్కకు వంచి యాసిడ్ ఒంపేశారు. కింద మట్టి తెల్లగా పొంగి ఎండిపోయి ఉంది. దానికి రెండు గజాల దూరంలో పిల్లలు గోళీలు ఆడుతున్నారు.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేశాను. అందులో సగం కాలం పవర్ రూములోనే గడిచింది. రెండు వోల్టుల సెల్లు ఇరవై నాలుగు వరసగా కలిపితే నలభై ఎనిమిది వోల్టులు. కరెంటు పోయినా ఊళ్ళో ఫోన్లు మోగేది వాటి బలం మీదే. యాసిడ్ చుక్క పడి చిల్లులు పడని చొక్కా ఆ రోజుల్లో నాకు ఒక్కటీ లేదు. అందుకే ఆ ఒంపేసిన బ్యాటరీని చూసి కాళ్ళు కదల్లేదు. మా తోడల్లుడి ఇంట్లోవి కూడా రెండున్నాయి, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ రకం ఇన్వర్టర్ బ్యాటరీలు. మూతలు తీస్తే లోపల బురద. యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు పెట్టి చూశాను. 1240 దగ్గర నిలవాల్సిన బుడ్డి 1100 దాటలేదు. ఇక వాటికి వైద్యం లేదు.

"అన్నయ్యా, పాత సామాను కుర్రాడు యాసిడ్ పారబోసి ఇమ్మంటున్నాడు. కాటాలో నీళ్ళ బరువు లెక్కలోకి రాదట" అన్నాడు మా తోడల్లుడు. వద్దన్నాను. ఉన్నవి ఉన్నట్టుగా, నిలువుగా, ఆటోలో పటమటలోని మా ఇంటికి తెచ్చేశాను. ఒక్కోటి యాభై ఐదు కిలోలు పైనే. ఇద్దరం పట్టుకుంటే గానీ లేవలేదు. ఆటోలో పాత టైరు ట్యూబు పరిచి, దాని మీద ప్లాస్టిక్ ట్రే పెట్టి, ట్రేలో నిలబెట్టాం. తినే సోడా పాకెట్ రెండు జేబులో పెట్టుకున్నాను. బెంజ్ సర్కిల్ దగ్గర కుదుపుకు కొంచెం చిందింది. సోడా చల్లగానే బుసబుసా పొంగి చల్లారింది. పొంగడం ఆగేదాకా చల్లుతూనే ఉండాలి, ఆగితే యాసిడ్ విరిగినట్టు.

ఇంటికి వచ్చాక అనిపించింది, ఈ రెంటితో ఆపకూడదని. మా అపార్ట్‌మెంటులో నలభై ఇళ్ళున్నాయి. అందరి ఇళ్ళలో ఏమేం ఉన్నాయో ఒకసారి చూడాలి.

అక్టోబరు 13, ఆదివారం

నిన్న విజయదశమి. ఆయుధపూజకు అందరూ బళ్ళు కడిగారు, అలమరలు దులిపారు. అదే అదను. వాచ్‌మన్‌తో ఇంటింటికీ చెప్పించాను: "పాత సెల్లు, పాత బ్యాటరీలు ఏవున్నా చెత్తబండిలో వేయకండి, కింద సెల్లార్లో డబ్బాలు పెట్టాం."

డబ్బాలంటే ఇరవై లీటర్ల పెయింటు డబ్బాలు. 2021లో పట్టణాల్లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు ఇచ్చారు గుర్తుందా? ఆ ఎర్రది ప్రమాదకరమైన చెత్త కోసం. మా ఇంట్లో దాన్ని ఉల్లిపాయలకు వాడుకున్నారు. మా ఆవిడ ఇవాళ ఉల్లిపాయలు వేరే గంపలోకి మార్చి దాన్ని నాకు ఇచ్చేసింది. అది గుండీ సెల్లకు (చేతి గడియారాల్లో ఉండే బిళ్ళల్లాంటి సెల్లు) పెట్టాను.

మధ్యాహ్నానికి వచ్చినవి: టార్చి, రిమోట్, గడియారం సెల్లు కలిపి 214. గుండీ సెల్లు 46. పాత ఫోన్ల బ్యాటరీలు 27. పవర్ బ్యాంకులు 6. దోమల బ్యాట్లు 19.

మా మనవరాలు ఎనిమిదో తరగతి. నోటుబుక్కు పట్టుకుని లెక్క తనే రాసింది. దోమల బ్యాట్లను చూసి "తాతయ్యా, ఇవి బ్యాటరీలు కావు కదా, ఎందుకిచ్చారు?" అంది. స్క్రూలు తీసి చూపించాను. లోపల అగ్గిపెట్టెకన్నా చిన్నగా ఒక నల్లటి డబ్బా. దాని మీద 4 వోల్టులని ఉంది, అడ్డంగా గీత కొట్టిన చెత్తడబ్బా బొమ్మ, ఆ బొమ్మ కింద ఇంగ్లీషులో సీసం గుర్తు. చేతిలో పెడితే సైజుకు మించిన బరువు. కారు బ్యాటరీలో ఉన్నదే ఇందులోనూ ఉంది, సీసమూ యాసిడూ. కాకపోతే యాసిడ్ ఒలకకుండా లోపల పీల్చిపెట్టి మూసేశారు. పందొమ్మిదింటిలో పదిహేనింట్లో ఇదే. మిగతా నాలుగూ కొత్తవి, వాటిలో లిథియం సెల్లు ఉన్నాయి.

ఏటా వర్షాకాలం అయ్యాక ప్రతి ఇంట్లోనూ ఒక దోమల బ్యాటు పాడవుతుంది. కొత్తది కొంటారు, పాతది చెత్తలోకి. లోపల సీసం ఉందని నాకే ఈ ఏడాది దాకా తట్టలేదు. ఎమర్జెన్సీ లైట్లు, చార్జింగ్ టార్చిలైట్లు కూడా చాలావరకు ఇంతే.

అక్టోబరు 14

214 సెల్లనూ వేరు చేశాం. రాత చెరిగిపోయినవి చాలా ఉన్నాయి. వంటింటి చిన్న కాటా బాగా అక్కరకొచ్చింది. పెన్సిల్ సెల్లు మామూలు జింక్ కార్బన్‌దైతే పదిహేను నుంచి పద్దెనిమిది గ్రాములు తూగుతోంది, ఆల్కలైన్‌దైతే ఇరవై మూడు దాకా. ఇలా జింక్ కార్బన్ 163, ఆల్కలైన్ 51 తేలాయి.

ఆల్కలైన్ వాటిని బల్ల మీద అంగుళం ఎత్తు నుంచి నిలువుగా వదిలి చూడమన్నాను మనవరాల్ని. కొత్తది టప్పుమని పడి నిలబడిపోతుంది. వాడినది ఎగురుతుంది. కొత్తదాంట్లో జింకు గుజ్జుగా ఉండి దెబ్బను పీల్చుకుంటుంది. వాడేకొద్దీ అది జింక్ ఆక్సైడ్‌గా గట్టిపడుతుంది, అందుకని ఎగురుతుంది. ఎగిరినంత మాత్రాన పూర్తిగా అయిపోయిందని కాదు, కొత్తది కాదని మాత్రమే. అసలు సంగతి మీటరుతో చూడాలి. అది కూడా ఊరికే కాదు, సెల్లుకు కాస్త పని పెట్టేలా పది ఓముల రెసిస్టర్ తగిలించి చూడాలి. ఊరికే పెడితే 1.4 వోల్టులు చూపించే ముసలి సెల్లు కూడా పని అడిగేసరికి 0.9కి జారిపోతుంది.

రెసిస్టర్ పెట్టాక కూడా 1.25 పైన నిలిచినవి 31 దొరికాయి. బొమ్మ కారు నడవకపోయినా గోడ గడియారం ఏడాది నడుస్తుంది వీటితో. పేర్లు రాసి ఎవరివి వాళ్ళకు తిరిగి పంపాను. రీసైక్లింగ్ కన్నా ముందు చేయాల్సిన పని ఇది.

ఒక పాత టార్చి సెల్లు గ్లౌజులు వేసుకుని కోసి చూపించాను. మధ్యలో నల్ల కడ్డీ, చుట్టూ మాంగనీసు పొడి ముద్ద, పైన జింకు డబ్బా. మా చిన్నప్పుడు ఆ కడ్డీతో గచ్చు మీద గీతలు గీసేవాళ్ళం. జింక్ కార్బన్ కాబట్టి కోశాను. ఆల్కలైన్‌లో ఉండే పొటాషియం క్షారం చర్మం తినేస్తుంది, దాన్ని కోయకూడదు. లిథియం జోలికి అసలు వెళ్ళకూడదు.

అక్టోబరు 17

ఇవాళ తప్పు జరిగింది. పొద్దున సెల్లార్లోకి వెళితే సెల్ల డబ్బా గోడ చేతికి గోరువెచ్చగా తగిలింది. ఒంపి చూస్తే అడుగున 9 వోల్టుల చదరపు బ్యాటరీ ఒకటి, ముట్టుకోలేనంత వేడిగా ఉంది. దాని రెండు మొనలూ ఒకే వైపు ఉంటాయి. పక్కన పడిన పెన్సిల్ సెల్లు ఆ రెంటినీ కలిపేసింది. పక్కనే వార్తాపత్రికల కట్టలున్నాయి.

రాత్రి ఎవరో మంచి మనసుతోనే వేసి వెళ్ళారు. జాగ్రత్త ముందే చెప్పాల్సింది నేను. సాయంత్రం దాకా కూర్చుని 9 వోల్టులవాటికీ, గుండీ సెల్లకూ, ఫోన్ బ్యాటరీలకూ మొనల మీద సెలోటేపు అతికించాను. డబ్బా మూత మీద పెద్ద అక్షరాలతో రాశాను: "టేపు వేసి లోపల వేయండి." టేపు చుట్ట దారంతో అక్కడే వేలాడదీశాను. కాగితాలను వేరే చోటికి మార్చాం.

గుండీ సెల్లకు టేపు వేయడానికి ఇంకో కారణం ఉంది. ఇరవై మిల్లీమీటర్ల సీఆర్2032 బిళ్ళ, చూడ్డానికి రూపాయి బిళ్ళలాగే ఉంటుంది. పసిపిల్లలు మింగితే అది గొంతు దిగువన ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహిక కాల్చేస్తుంది. నీరసమైపోయిన సెల్లు కూడా అంత పనీ చేయగలదు. మింగారని అనుమానం వస్తే పొద్దున చూద్దాంలే అనకూడదు, ఆ నిమిషమే ఆసుపత్రికి పరిగెత్తాలి. డబ్బాను నా ఎత్తున గోడకు మేకు కొట్టి తగిలించాను.

అక్టోబరు 20, ఆదివారం

ఆటోనగర్ వెళ్ళాను. బ్యాటరీలు అమ్మే డీలర్లలో ఒకాయన నాకు పాత పరిచయం. మా తోడల్లుడి రెండు ట్యూబులర్లూ యాసిడ్‌తో సహా తీసుకుని, తూచి, బిల్లు రాసిచ్చాడు. కంపెనీ లారీ వచ్చి ఎత్తుకెళ్తుందట.

అంతకుముందు గేటు బయటే పాత సామాను కుర్రాడు నన్ను ఆపాడు. "బాబాయ్ గారూ, ఆయన ఇచ్చేదానికన్నా కిలోకి ఎనిమిది రూపాయలు ఎక్కువిస్తాను, బిల్లూ గిల్లూ అక్కర్లేదు." ఎక్కడికి పోతాయయ్యా ఇవి అని అడిగాను. "ఊరవతల కరిగిస్తారండీ" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. ఆ ఎనిమిది రూపాయలు ఎక్కడ మిగులుతున్నాయో నాకు తెలుసు. పొగ పట్టే యంత్రం లేదు, యాసిడ్ శుద్ధి లేదు, పనివాళ్ళకు మాస్కు లేదు. అక్కడ మిగిలిన డబ్బే అతను నాకు ఎక్కువ ఇస్తానన్నది.

నేను నాగాయలంక వైపు పెరిగాను. మా వీధిలో వలలు కట్టేవాళ్ళు పాత బ్యాటరీలు గొడ్డలితో పగలగొట్టి, పలకలు దులిపి, మూకుట్లో కరిగించి వల గుళ్ళు (వల మునగడానికి కట్టే సీసపు గుండ్లు) పోసేవారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, కట్టెల పొయ్యి చాలు. మేం పిల్లలం చుట్టూ కూర్చుని చూసేవాళ్ళం. కరిగిన సీసం అద్దంలా మెరిసేది, మీద తెట్టు కట్టేది, ఆ తెట్టును గరిటెతో పక్కకు తీసి నేల మీద కొట్టేవారు. అదే పొయ్యి మీద సాయంత్రం అన్నం వండేవారు. ఎవరికీ తెలీదు. ఆ పొగా, ఆ తెట్టు పొడీ ఒంట్లోకి వెళితే పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుందనీ, సీసానికి ఇంతవరకు పర్లేదు అనే మోతాదే లేదనీ నాకు నలభై ఏళ్ళు దాటాక తెలిసింది. యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి 2020లో ఇచ్చిన నివేదికలో ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు గానీ అంతకుమించి గానీ ఉందని చెప్పారు. దాదాపు 80 కోట్ల మంది. బ్యాటరీలను ఇలా ఇష్టమొచ్చినట్టు కరిగించడాన్ని పెద్ద కారణాల్లో ఒకటిగా చూపించారు.

పద్ధతిగా చేసే చోట బ్యాటరీని మూసిన యంత్రంలో నలగ్గొడతారు. ముక్కలు నీళ్ళలో పడతాయి. ప్లాస్టిక్ పైకి తేలుతుంది, సీసం అడుగుకు దిగుతుంది. ఆ ప్లాస్టిక్కే మళ్ళీ బ్యాటరీ డబ్బా అవుతుంది. యాసిడ్‌ను శుద్ధి చేస్తారు. సీసాన్ని పొగ బయటికి పోకుండా కొలిమిలో కరిగించి మళ్ళీ పలకలు పోస్తారు. ఎన్నిసార్లు కరిగించినా దాని గుణం తగ్గదు. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే కాబట్టి కొనేవాళ్ళు ఎగబడతారు. చిక్కల్లా అక్కడే ఉంది. డబ్బులొచ్చే బ్యాటరీ దొడ్డిదారి పడుతుంది. డబ్బులు రాని సెల్లు చెత్తబండి ఎక్కుతుంది. రెండూ చివరికి మట్టిలోకే.

అక్టోబరు 27, ఆదివారం

దీపావళి నాలుగు రోజుల్లోకి వచ్చింది. ఇవాళ పనంతా లిథియం గురించే.

ఆరు పవర్ బ్యాంకుల్లో రెండు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. వీటిని నొక్కకూడదు, గుచ్చకూడదు, చార్జి పెట్టి చూడకూడదు. లోపల గాలి చేరింది. పొరలు ఒకదానికొకటి తగిలితే అందులోంచి పుట్టే వేడి ఇంకో పొరను కాలుస్తుంది, అది ఇంకోదాన్ని. ఆ మంట మధ్యలో ఆగదు, వచ్చే పొగ విషం. మా విజయవాడలోనే 2022 ఏప్రిల్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ బండి బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ బళ్ళ షోరూములో లేచిన మంటల పొగకు పై అంతస్తుల లాడ్జిలో ఉన్న ఎనిమిది మంది పోయారు. సెల్లార్లో లిథియం నిలవ చేయడానికి నాకు మనసొప్పలేదు.

మట్టి కుండ పెద్దది కొన్నాను. అడుగున నాలుగు అంగుళాల పొడి ఇసుక, ఒక్కో బ్యాటరీని విడివిడిగా ప్లాస్టిక్ కవర్లో చుట్టి, మధ్యలో మళ్ళీ ఇసుక. ఉబ్బినవాటికి వేరే కుండ. మూత బిగించలేదు, గాలి పుడితే పోవాలి. మొదట డాబా మీద నీళ్ళ ట్యాంకు నీడన పెట్టాను. మనవరాలు అంది: "తాతయ్యా, దీపావళి రోజు తారాజువ్వలు అక్కడే పడతాయి కదా!" నాకు తట్టలేదు. వెంటనే కిందికి దించి ప్రహరీగోడ పక్కన, బళ్ళకూ గ్యాస్ సిలిండర్లకూ దూరంగా, రేకు కప్పు కింద పెట్టాం. పక్కన రెండు బకెట్ల ఇసుక.

నవంబరు 9

మా తోడల్లుడి పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు. వరదలో మునిగిన ఎలక్ట్రిక్ స్కూటర్ ఉందట, బ్యాటరీ విప్పి పట్టుకెళ్ళమన్నారు. వెళ్ళి చూశాను గానీ తీసుకోలేదు. రెండు నెలలుగా తడి లోపల ఏం చేసిందో పైకి కనపడదు. మునిగిన లిథియం బ్యాటరీ రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు. అంత పెద్ద ప్యాక్ నా కుండలో పెట్టే వస్తువు కాదు.

2022 ఆగస్టులో వచ్చిన కేంద్రం బ్యాటరీ వ్యర్థాల నిబంధనల గురించి వాళ్ళకు చెప్పాను. అంతకుముందు 2001 నుంచి ఉన్న నిబంధనలు సీసం బ్యాటరీలకే. ఇప్పుడు గుండీ సెల్లు నుంచి బండి ప్యాక్ దాకా అన్నీ వాటి కిందికి వచ్చాయి. అమ్మిన కంపెనీయే పాతవాటి సేకరణ బాధ్యత తీసుకోవాలి. సర్వీస్ సెంటర్‌కు రాతపూర్వకంగా మెయిల్ పెట్టించాను. ముందు చార్జరు ప్లగ్గు తీసేయించి, బండిని వరండాలోంచి ఆరుబయటికి నెట్టించాను. (నవంబరు 30న చేర్చిన మాట: మూడు వారాలు తిప్పారు, నాలుగో మెయిల్‌కు వ్యాను వచ్చి ఎత్తుకెళ్ళింది. రశీదు తీసుకోమన్నాను, తీసుకున్నారు.)

నవంబరు 24, ఆదివారం

అనుమతి ఉన్న రీసైక్లర్ల వివరాలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో వెతికి వరసగా ఫోన్లు చేశాను. సీసం ఉందా అని అందరూ అడుగుతారు. లిథియం ఉందంటే ఎన్ని కిలోలని అడుగుతారు. పెన్సిల్ సెల్లంటే అటువైపు మాట ఆగిపోతుంది. కొరియర్‌లో పంపుదామంటే లిథియం కట్ట ముట్టుకోబోమన్నారు, అది సబబే.

చివరికి ఒకాయన ఓపిగ్గా వివరించాడు. లిథియం బ్యాటరీలను ముందు పూర్తిగా డిశ్చార్జి చేసి, నిప్పు పుట్టకుండా కట్టుదిట్టం చేసిన యంత్రంలో ముక్కలు చేస్తారు. రాగి, అల్యూమినియం రేకులు వేరుపడ్డాక నల్లటి పొడి మిగులుతుంది. కోబాల్ట్, నికెల్, లిథియం అంతా ఆ పొడిలోనే. దాన్ని ఆమ్లంలో కరిగించి ఒక్కో లోహాన్నీ విడదీస్తారు. ఈ లోహాలను మన దేశం దాదాపుగా బయటినుంచే కొంటోంది కాబట్టి ఆ పొడికి గిరాకీ ఉంది. పెన్సిల్ సెల్లలో ఉండేది జింకు, మాంగనీసు, ఇనుము. ఇవి తీయడానికయ్యే ఖర్చు వచ్చేదానికన్నా ఎక్కువ. "మీ సెల్లకు మీరే మాకు కిలోకి అరవై ఇవ్వాలండీ" అన్నాడు.

మనవరాలు పక్కనుంచి విని, "వరికి జింకు వేస్తారు కదా తాతయ్యా, పొలంలో వేసేస్తే?" అంది. మంచి ప్రశ్నే. వాడిన ఆల్కలైన్ సెల్లలోంచి జింకు, మాంగనీసు శుద్ధి చేసి ఎరువుగా మార్చే ప్రయత్నాలు కొన్ని దేశాల్లో ఉన్నాయి. కానీ శుద్ధి చేయకుండా వేస్తే సెల్లలో కలిసి ఉండే మిగతా లోహాలు కూడా మట్టిలోకి పోతాయి. పాత నికెల్ కాడ్మియం సెల్లు ఒక్కటి పొరపాటున కలిసినా కాడ్మియం వరి గింజలోకి ఎక్కుతుంది.

డిసెంబరు 8, ఆదివారం

అపార్ట్‌మెంటు మీటింగులో పెన్సిల్ సెల్లకు కిలోకి అరవై కట్టే సంగతి పెట్టాను. "చెత్త తీసుకెళ్ళడానికి మనం ఎదురు డబ్బులివ్వడమేంటండీ? మెయింటెనెన్సులోంచి నేనొప్పుకోను" అన్నారు మూడో అంతస్తు ఆయన. ఆయన మాటలో న్యాయం లేదని అనలేను. కొందరు తలాడించారు.

అప్పుడు మా మూలనున్న సీసం లెక్క తీశాను. పక్కనున్న మూడు అపార్ట్‌మెంట్లు, మనవరాలి బడి కూడా ఈపాటికి కలిశాయి. కంప్యూటర్ యూపీఎస్ బ్యాటరీలు 22 వచ్చాయి, ఒక్కోటి రెండు కిలోల పైన. ఎమర్జెన్సీ లైట్లవి 14. దోమల బ్యాట్లలోంచి తీసినవి 60. ఇవేవీ ఎవరూ డబ్బు కోసం ఇచ్చినవి కావు, పారేద్దామనుకున్నవే. వాటిని డీలరుకు అమ్మి, వచ్చిన డబ్బుతో పెన్సిల్ సెల్ల ఖర్చు కడదామన్నాను. సీసం సెల్లను మోస్తుంది, మన జేబులోంచి రూపాయి తీయక్కర్లేదు. మూడో అంతస్తు ఆయన వెంటనే ఒప్పుకున్నారు. (మర్నాడు చేర్చిన మాట: వాళ్ళ ఆఫీసు నుంచి ఇంకో రెండు యూపీఎస్ బ్యాటరీలు తెచ్చిచ్చారు కూడా.)

డిసెంబరు 22

ఆటోనగర్‌లో అమ్మాం. మూడో అంతస్తు ఆయన తెచ్చిన ఆ రెంటితో సహా సీసం బ్యాటరీలన్నీ 62 కిలోలు. కిలో 78 రూపాయల చొప్పున 4,836. బిల్లు ఫైల్లో పెట్టాను.

ఆటోనగర్ మెకానిక్ ఒకాయన షెడ్డులో మోటార్ సైకిళ్ళ బ్యాటరీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మొనలు కిందా మీదా తగులుతున్నాయి. మధ్యలో అట్టముక్కలు పెట్టమని చెబితే, "ఇన్నేళ్ళూ ఏం కాలేదు సార్" అన్నాడు. వాదించలేదు. వెంట ఉన్న టేపు చుట్ట ఒకటి అక్కడ వదిలి వచ్చాను. అతని కొడుకు, పదేళ్ళవాడు, అదే షెడ్డులో ఆ బ్యాటరీల పక్కన కూర్చుని టిఫిన్ తింటున్నాడు. చేతులు కడుక్కుని తినమని వాడితో చెప్పాను. వాడు కడుక్కొచ్చాడు. సబ్బు వాడాడా లేదా చూళ్ళేదు.

2025 జనవరి 12, ఆదివారం

రేపు భోగి. మంటలో వేయడానికి పిల్లలు వారం నుంచి పాత సామాను పోగేస్తున్నారు. సాయంత్రం వీధిలో ఆ కుప్ప దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. విరిగిన కుర్చీలు, కొబ్బరి మట్టలు, తాటాకులు, మధ్యలో నేను భయపడ్డట్టే మూడు దోమల బ్యాట్లు, ఒక రేడియో, కీచుమనే బొమ్మలు ఐదారు. పిల్లలందరినీ కూర్చోబెట్టి స్క్రూడ్రైవర్ ఇచ్చాను. బొమ్మల్లోంచి, రేడియోలోంచి సెల్లన్నీ వాళ్ళే తీశారు. బ్యాట్లు మంటలో వేయొద్దన్నాను, ప్లాస్టిక్ కూడా వేయొద్దన్నాను. సీసం మంటలో పడితే వల గుళ్ళు పోసినప్పటి పొగే, పైగా తెల్లవారుజామున అందరూ చుట్టూ నిలబడి చలి కాచుకుంటారు. లిథియం పడితే పేలుతుంది. ఒక బుడ్డోడు "మరి మంట పెద్దగా రావాలి కదా తాతయ్యా?" అని బాధపడ్డాడు. ఇంటికెళ్ళి రెండు పాత తాటి దూలాలు ఇప్పించాను. తృప్తిపడ్డాడు.

జనవరి 25

పక్క కాలేజీ పాత కంప్యూటర్లు తీసుకెళ్ళడానికి వచ్చిన రీసైక్లర్ వ్యాను మా దగ్గర కూడా ఆగింది. ముందే మాట్లాడి పెట్టుకున్నాం. సెల్లార్ నుంచి కాలేజీ గేటు దాకా ట్రాలీ ఆటో రెండు ట్రిప్పులు, 900.

వాళ్ళు తెచ్చిన కాటా మీద తూచాం. పెన్సిల్, టార్చి సెల్లు 41 కిలోలు. లిథియం 38 కిలోల 400 గ్రాములు, మొనలన్నిటికీ టేపు ఉందో లేదో ఒక్కోటి తిప్పి చూసుకుని మరీ ఎత్తుకున్నారు. కార్డ్‌లెస్ ఫోన్లు, పాత కెమెరాల్లోంచి వచ్చిన నికెల్ రకాలు 5 కిలోల 900. ఉబ్బిన పవర్ బ్యాంకులను చూసి వాళ్ళ మనిషి కుండతో సహా వ్యాను చివర్లో వేరే పెట్టెలో పెట్టాడు. ఆ కుండ ఉన్న మూల ఇవాళ ఖాళీగా ఉంది. మూడు నెలల్లో మొదటిసారి ఈ రాత్రి నిద్ర పడుతుందనుకుంటున్నాను.

సెల్లకు 41 కిలోలకు 2,460 కట్టాం. ఆటో 900. 4,836లోంచి ఇంకా 1,476 మిగిలింది. లిథియంకు వాళ్ళు డబ్బు ఇవ్వలేదు, మేం అడగలేదు.

గుండీ సెల్లు మాత్రం ఇవ్వలేకపోయాను. అందులో వెండి ఉన్నవి, లిథియంవి, ఆల్కలైన్‌వి, చెవి మిషన్లలోవి కలిసిపోయి ఉన్నాయి. వేరు చేసి ఇమ్మన్నారు. ఇప్పటికి 212 అయ్యాయి. అంకెలు చదవడానికి నా కళ్ళు సరిపోవడం లేదు. భూతద్దం ఒకటి తెచ్చుకున్నాను, రేపటి నుంచి మనవరాలు సీఆర్‌తో మొదలయ్యే లిథియంవి ఒక సీసాలో, వెండి ఉన్న ఎస్ఆర్‌తో మొదలయ్యేవి ఒక సీసాలో వేస్తానంది.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఖాళీ డబ్బాల్లో మళ్ళీ చేరినవి: సెల్లు 58, ఫోన్ బ్యాటరీలు 4, దోమల బ్యాట్లు 2, 9 వోల్టులది ఒకటి. అన్నిటికీ టేపు వేసే ఉంది. గుండీ సెల్లు సగం వేరయ్యాయి. ఇసుక రెండు బకెట్లు ఎండబెట్టాను. మిగిలిన 1,476లోంచి కొత్త కుండ 180, టేపు చుట్టలు 120.